పింఛను పైసలు ఎవరి ఇంట్లో పని చేస్తున్నాయి?

(నల్లగొండలో ఒక ఆదివారం ఉదయం విశ్రాంత ఉద్యోగులు, సర్వీసులో ఉన్న టీచర్లు కలిసి కూర్చున్నప్పుడు ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవారి కోసం ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వినబడుతుందా? వినబడకపోతే చెయ్యి ఊపండి. ఫ్యాన్ కింద కూర్చున్న సార్లు మాత్రం కళ్లు మూసుకున్నా నేనేమీ అనుకోను, ముప్పై ఏళ్లు ఆఖరి బెంచీని చూసినవాణ్ని.

నాకు ఇచ్చిన అంశం రిటైర్మెంట్ పొదుపు. ఎంత దాచాలి, ఎక్కడ దాచాలి, ట్యాక్స్ ఎట్లా తగ్గించుకోవాలి. ఇవి చెప్పేవాళ్లకు కొదువ లేదు. గడియారం సెంటర్‌లో నిలబడి ఒక్క కేకేస్తే పది మంది ఏజెంట్లు వస్తారు, అందులో సగం మంది నా స్టూడెంట్లే. అందుకని నేను ఇంకో సంగతి మాట్లాడతా. మనం దాచిన పైసలు మనం పడుకున్నప్పుడు ఏం చేస్తున్నాయి? ఎవరి ఇంట్లో పని చేస్తున్నాయి? పూర్వం పిల్లగాణ్ని ఎవరింట్లోనైనా జీతానికి పెట్టాలంటే ఆ ఇంటివాళ్లు ఎట్లాంటివాళ్లో నలుగురిని అడిగి పెట్టేవాళ్లు. పైసలను జీతానికి పెట్టేటప్పుడు మాత్రం ఎంత తెస్తుందన్న ఒక్క మాటే అడుగుతాం.

ఒకసారి చేతులెత్తండి, పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది. సీపీఎస్ వాళ్లు, అంటే 2004 సెప్టెంబర్ 1 నుంచి ఉద్యోగంలో చేరి, జీతంలోంచి కోసి పింఛనుకు దాచే పథకంలో ఉన్నవాళ్లు? సగం కంటే ఎక్కువే ఉన్నారు. మీ ప్రాన్ ఖాతాలో, అదే మీ పింఛను ఖాతాలో, డబ్బు ఎక్కడుందో ఒక్క పేరు చెప్పగలిగినవాళ్లు? చెప్పండి మేడం. ఎస్‌బీఐ అంటున్నారు. ఎస్‌బీఐ పెన్షన్ ఫండ్ అంటే మీ డబ్బును నడిపించేవాళ్లు మేడం. డ్రైవర్ పేరు చెప్పారు, బస్సు ఎటు పోతుందో చెప్పలేదు. సరే, ప్లాటు ఉన్నవాళ్లు? ఇదిగో, చేతులు ఎట్లా లేస్తున్నాయో చూడండి. మరి మిత్తికి, అదే వడ్డీకి ఇచ్చినవాళ్లు? ఒక్క చెయ్యి లేవదు. ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకుంటున్నారు. నేనే ఎత్తుతున్నా. ఆ కథకు తర్వాత వస్తా, మర్చిపోతే గుర్తు చేయండి.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా కాలేజీలో ఒక ఉర్దూ లెక్చరర్ ఉండేవారు, నాకంటే పెద్దవారు. జీతం బ్యాంకులో పడుతుంది కదా, దాని మీద అప్పట్లో ఆరు నెలలకోసారి మిత్తి జమ అయ్యేది. వచ్చిన మిత్తిని లెక్కగట్టి పైసాతో సహా తీసి ఎవరికైనా ఇచ్చేసేవారు. దానం అనేవారు కాదు. "ఇది నాది కాదు సాబ్, ఇస్తే నాకు పుణ్యం రాదు, ఉంచుకుంటే మాత్రం పాపం" అనేవారు. నేను నవ్వేవాణ్ని. కామర్స్ చెప్పేవాడికి మిత్తి తప్పంటే ఎట్లా అర్థమవుతుంది? ఒకరోజు ఆయన జీపీఎఫ్, అంటే ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి గురించి ఒక మాట చెప్పారు. నమ్మలేదు, రూల్స్ పుస్తకం తీసి చూశా. 1960 నాటి కేంద్ర జీపీఎఫ్ నియమాల్లోనే ఉంది. ముస్లిం చందాదారు తనకు వడ్డీ వద్దని అకౌంట్స్ ఆఫీసర్‌కు రాసిస్తే ఆ ఖాతాలో వడ్డీ జమ చేయరు. తర్వాత మనసు మారి అడిగితే, అడిగిన ఏడాది మొదటి రోజు నుంచి జమ చేస్తారు.

ఆలోచించండి. రిటైర్మెంట్ పొదుపులో మనిషి మనస్సాక్షికి కూడా ఒక గడి ఉండాలని ఎవరో గుమాస్తా 1960లోనే ఫైలులో రాశాడు. ఇప్పుడు ఎన్‌పీఎస్, అంటే జాతీయ పింఛను పథకం ఫారం తీయండి, సీపీఎస్ డబ్బు పోయేదీ అందులోకే. షేర్లు, కంపెనీ బాండ్లు, ప్రభుత్వ బాండ్లు, ఈ, సీ, జీ. ఏది ఎంత శాతం కావాలని అడుగుతుంది. సారాయి వద్దు, సిగరెట్ వద్దు అని రాసే గడి ఆ మామూలు ఫారంలో ఎక్కడా ఉండదు.

సిగరెట్ అన్నా కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. ప్రైవేటులో పని చేసే మన పిల్లలకు ఈపీఎఫ్ ఉంటుంది. 2015 ఆగస్టు దాకా ఆ డబ్బు షేర్లలోకి పోయేది కాదు. అప్పుడు కొత్తగా వచ్చే డబ్బులో 5 శాతంతో మొదలుపెట్టి, తర్వాత 15 శాతం దాకా పెంచారు. ఒక్కో కంపెనీని ఏరి కొనరు, నిఫ్టీ, సెన్సెక్స్ లాంటి సూచీలను, అంటే పెద్ద కంపెనీల జాబితాలను గంపగుత్తగా కొంటారు. గంపగుత్తగా కొంటే పుచ్చువి కూడా వస్తాయి కదా. ఐటీసీ ఆ రెండు సూచీల్లోనూ ఉంది. ఇంకా దగ్గరగా రండి. ఇక్కడ ఎల్‌ఐసీ పాలసీ లేని ఇల్లు ఉందా? ఐటీసీలో సుమారు 15 శాతం వాటా ఎల్‌ఐసీదే. మనిషి ఎక్కువ కాలం బతకాలని కోరుకునే కంపెనీకి సిగరెట్ కంపెనీలో వాటా! 2017లో కొందరు ఇదే ప్రశ్నతో బొంబాయి హైకోర్టుకు పోయారు, ప్రభుత్వ బీమా సంస్థలు పొగాకులో ఎందుకు డబ్బు పెట్టాయని.

నేను క్లాసులో పొగాకు హానికరం అని పిల్లలతో చార్టులు గీయించినవాణ్ని. ఇది తెలిసినప్పుడు నాకు బాగా కోపం వచ్చింది. కానీ కోపం చల్లారాక లెక్క వేశా, ఇక్కడే జాగ్రత్తగా వినండి. అదే కంపెనీ సారపాకలో కాగితం మిల్లు నడుపుతుంది, ఖమ్మం వైపు రైతుల దగ్గర సుబాబుల్, జామాయిల్ కర్ర కొంటుంది. మీ ఇంట్లో గోధుమపిండి సంచి మీద పేరు చూడండి, అదీ వాళ్లదే. లాభంలో పెద్ద ముద్ద మాత్రం ఇప్పటికీ సిగరెట్‌దే. మంచి ఇంత, చెడు ఇంత అని తూకం వేయడం అంత సులువు కాదు.

ఇంకో సంగతి. అంగట్లో మీరు ఒక ఎద్దును కొంటారు. పైసలు ఎవరికి పోతాయి? అమ్మినవాడికి. ఆ ఎద్దు ఎవరి కొట్టంలో పుట్టిందో ఆ రైతుకు ఒక్క రూపాయి పోదు, ఆయన ఎప్పుడో అమ్ముకున్నాడు. షేర్ మార్కెట్ కూడా అట్లాంటి అంగడే. సిగరెట్ కంపెనీ షేరు మీరు కొన్నా, అమ్మినా ఆ రోజు కంపెనీ గల్లాపెట్టెలో కొత్తగా ఏమీ పడదు. మీ చేతికి లాభంలో వాటా, మీటింగ్‌లో ఒక ఓటు వస్తాయి. ఫండ్ ద్వారా కొంటే ఆ ఓటు కూడా ఫండ్ వాళ్లదే. అందుకని షేరు అమ్మేస్తే ఫ్యాక్టరీ మూతపడుతుందని అనుకోవద్దు. సిగరెట్ లాభం తినకుండా ఉంటారు, అంతే. అది చిన్న విషయం అనడం లేదు. మా ఉర్దూ సార్ చేసింది అదే కదా. బ్యాంకును మూయించలేదు, తన పళ్లెంలో పడినదాన్ని తినలేదు.

బాండు సంగతి వేరు. బాండు అంటే అప్పు. కంపెనీ కొత్త బాండు వేస్తే, మీ పింఛను ఫండ్ కొంటే, మీ డబ్బు నేరుగా ఆ కంపెనీ చేతిలో పడుతుంది, దానితో పని జరుగుతుంది. మన జిల్లా ఉదాహరణే చెప్తా. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం. ఒక్కోటి 800 మెగావాట్లవి అయిదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. అంత పెద్ద పనికి, కట్టిస్తున్న రాష్ట్ర విద్యుత్ సంస్థ జెన్‌కో దగ్గర డబ్బు ఎక్కడిది? ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు అప్పిచ్చాయి. మరి ఆ సంస్థలకు డబ్బు ఎక్కడిది? బాండ్లు అమ్ముతాయి. వాటికి ఏఏఏ రేటింగ్, అంటే అన్నిటికంటే భద్రమైనవన్న ముద్ర. అట్లాంటి బాండ్లంటే పింఛను ఫండ్లకు, పీఎఫ్‌కు, బీమా కంపెనీలకు ప్రాణం. తిరిగి తిరిగి ఎక్కడికి వచ్చింది చూడండి. మిర్యాలగూడలో టీచర్ జీతంలో కోసిన 10 శాతంలో ఏదో ఒక రూపాయి దామరచర్లలో బొగ్గు మండించే బాయిలర్‌కు చేరి ఉండొచ్చు.

అది పాపమా? నన్ను అడగొద్దు. మన బోరు మోటర్లు నడిచేది కరెంటుతోనే. అక్కడ భూములు పోయినవాళ్లు ఉన్నారు, పని దొరికినవాళ్లూ ఉన్నారు. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని ఆపి, మళ్లీ అధ్యయనం చేయమంది. ఆ వార్త పేపర్లో చదివి మనం అయ్యో అన్నాం. అప్పిచ్చినవాళ్లలో మనం కూడా ఉండొచ్చని ఎవరికైనా తట్టిందా? నాకు తట్టలేదు.

ఇంకా కొందరు అంటారు, ఇదంతా ఎందుకు సార్, ప్రభుత్వ బాండ్లలో, పోస్టాఫీసులో పెడితే ఏ గొడవా లేదు కదా అని. పెట్టండి, సీనియర్ సిటిజన్ పథకం మంచిది, 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, నేనూ పెట్టా. కానీ గొడవ లేదనుకోవద్దు. పీపీఎఫ్, పోస్టాఫీసు పొదుపు అంటే ప్రభుత్వానికి అప్పే. ప్రభుత్వం బడి కడుతుంది, ఆస్పత్రి కడుతుంది, యురేనియం కూడా తవ్వుతుంది. మన జిల్లాలోనే లంబాపూర్, పెద్దగట్టు గుర్తున్నాయా? అక్కడ తవ్వుతామన్న యూసీఐఎల్ పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిది. దానికి షేర్ మార్కెట్లో అమ్మే షేరే లేదు, మీరు అమ్మి నిరసన తెలపడానికి. అక్కడి జనం ఏం చేశారు? 2003లో ప్రజాభిప్రాయ సేకరణకు పోయి మొహం మీద చెప్పారు. 2019లో నల్లమల అడవిలో యురేనియం గొడవ లేస్తే సెప్టెంబర్‌లో మన అసెంబ్లీయే వద్దని తీర్మానం చేసింది. అది పొదుపు ఖాతాతో అయ్యే పని కాదు, నోరు తెరిస్తేనే అయ్యే పని. ప్రతి దానికీ పెట్టుబడే మందు అనుకునేవాళ్లు పట్నంలో చాలామంది తయారయ్యారు. మనం ఆ భ్రమలో పడొద్దు.

సరే, ఇప్పుడు నా కథ. గుర్తు చేయాల్సిన పని లేదు, నాకే గుర్తుంది.

సర్వీసులో ఉన్నప్పుడు మిత్తికి ఇవ్వాలంటే ప్రవర్తనా నియమాలు అడ్డం. రిటైరైన మర్నాడు ఆ అడ్డం పోతుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు, అంటే పింఛనులో కొంత ముందే ఒక్కసారిగా తీసుకునేది, ఖాతాలో పడుతుంది. పడిందని మనకంటే ముందు ఊరికి తెలుస్తుంది. నా దగ్గరికి తెలిసినాయన ఒకరు వచ్చారు. సార్, బ్యాంకులో ఏముంది, మూడు రూపాయలకు ఇప్పిస్తా, మనిషి గట్టోడు, బత్తాయి తోట ఉంది అన్నారు. మూడు రూపాయలంటే నెలకు నూటికి మూడు. ఏడాదికి 36 శాతం. నేను కామర్స్ లెక్చరర్ని, నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. రెండు లక్షలు ఇచ్చా. నెలకు ఆరు వేలు. ప్రోనోటు రాయించుకుని బీరువాలో పెట్టా. మనవరాలి పేరు మీద దాస్తున్నా అని నాకు నేను చెప్పుకున్నా. అసలు కంటే వడ్డీ ముద్దంటారు, నాకు రెండు రకాలుగానూ నిజమైంది.

పద్నాలుగు నెలలు ఠంచనుగా కట్టాడు. ఎనభై నాలుగు వేలు. తర్వాత ఆగిపోయింది. ఫోన్ ఎత్తడు. మధ్యవర్తిని వెంటబెట్టుకుని చండూరు అవతల ఆ ఊరికి పోయా. మనిషి ఇంట్లో లేడు. తోట చూశా. బత్తాయి చెట్లు ఎండితే ఎట్లా ఉంటాయో మన జిల్లావాళ్లకు నేను చెప్పాల్నా? కొన్ని నిలబడి ఎండాయి, కొన్నిటిని కొట్టి పొయ్యిలకట్టెలు చేశారు. మూడు బోర్లు వేశాడట, నా రెండు లక్షలు ఆ మూడో బోర్లో పోయాయి. దుమ్ము తప్ప ఏం రాలేదు. మళ్లీ అది ఫ్లోరైడ్ ఇలాకా, నీళ్లు పడినా తాగే నీళ్లు కావు. ఫ్లోరోసిస్‌తో ఏళ్ల తరబడి నలిగిన జిల్లా మనది.

ఆయన భార్య కుర్చీ వేసింది. చాయ్ ఇచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. నన్ను ఒక మాట అడిగింది. "మీకు నెల నెల పింఛను వస్తది గద సార్, మరి ఈ ఆరు వేలు మీకు దేనికి?"

ఎగతాళి కాదండీ. ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. సార్‌కు ఏదో పెద్ద కష్టం ఉంటే తప్ప ఇట్లా వచ్చి కూర్చోడు కదా అనుకుంది. నా పింఛను ఆ ఆరు వేలకు ఎన్నో రెట్లు. నేను చాయ్ తాగుతున్నట్టు నటించా. కప్పు ఖాళీ అయ్యి చాలాసేపైంది.

తిరిగి వస్తుంటే ఒకటే ఆలోచన. నేను సిగరెట్ కంపెనీ గురించి తెగ బాధపడ్డవాణ్ని. అక్కడ నా భాగం ఎంత? కోట్ల మందిలో ఒకణ్ని, నా వాటా లెక్కగడితే ఒక బీడీ కట్టకు రాదు. ఇక్కడ నా భాగం ఎంత? మొత్తం నాదే. రేటు నేనే ఒప్పుకున్నా, కాగితం నేనే రాయించుకున్నా. దూరంగా ఉన్న పాపం పెద్దగా కనబడుతోంది, చంకలో ఉన్నది కనబడట్లేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ నైతిక పెట్టుబడి అనేదాన్ని మనం తలకిందులుగా మొదలుపెడుతున్నాం. షేర్ల నుంచి మొదలుపెట్టి ఇంటి దాకా ఎన్నడూ రాం. ముందు మన చేత్తో ఇచ్చింది చూడాలి. తర్వాత మన పేరు మీద ఉన్న భూమి. తర్వాత బాండ్లు. షేర్లు అన్నిటికంటే చివర.

అసలు ఇది ఏ జిల్లా? దొరల గడీల్లో నాగు కింద గింజలిచ్చి ఒకటికి ఒకటిన్నర గుంజితే, జనం తిరగబడి ప్రోనోట్లు తగలబెట్టిన జిల్లా. ఆ పాఠం చెప్పి చెప్పి రిటైరైన హిస్టరీ సార్లు ఈ ముందు వరుసలోనే ఉన్నారు. మిత్తి వ్యాపారానికి లైసెన్సు ఉండాలని నిజాం కాలం నాటి 1349 ఫసలీ చట్టం చెబుతుంది. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. మనలో లైసెన్సు ఎవరికుంది? సరే, వదిలేద్దాం, టీ వచ్చే టైములో గొడవెందుకు.

భూమి సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే మీకే బాగా తెలుసు. హైదరాబాద్ చుట్టూ రీజనల్ రింగ్ రోడ్డు అనగానే చౌటుప్పల్, భువనగిరి వైపు మన రిటైర్మెంట్ డబ్బు పరుగెత్తింది. ప్లాటు కొనడం తప్పని అనను. కొనేముందు బ్రోకర్‌ను ధర ఒక్కటే అడగకండి. అది చెరువు శిఖమా, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలా? కింద ఆయకట్టు ఉండేదా? ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని ఎవరి దగ్గరైనా బెదిరించి రాయించుకున్నారా? ఊర్లో ముసలివాళ్లను ఇద్దర్ని అడిగితే చాలు, రెవెన్యూ రికార్డు చెప్పనిది కూడా చెబుతారు. శిఖంలో ప్లాటు కొంటే పాపం మాట అటుంచి, వానకాలం మీ హాల్లోనే చేపలు తిరుగుతాయి.

మరి ఫండు మీద మంచిది అని పేరు రాసి ఉంటే కొనొచ్చా? పేరు చూసి మోసపోవద్దు. పేదలకు చిన్న అప్పులు అనే మాట విన్నంత చల్లగా ఇంకేముంది? ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్లో లిస్టయింది. షేరుకు 985 రూపాయలు పెట్టి ఎగబడి కొన్నారు. పేదలకు మేలు, మనకు లాభం అనుకున్నారు. అక్టోబర్ నాటికి ఏమైంది? మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. మన ఊర్లలో వారం వారం గ్రూపు మీటింగులకు పోయిన అక్కలు ఇక్కడ కూడా ఉండొచ్చు. ఎవరికి అప్పిచ్చారన్నది ఒక్కటే చూశారు, ఎట్లా వసూలు చేస్తారన్నది చూడలేదు. నేను బత్తాయి రైతు దగ్గర చేసింది అదే, వాళ్లు సూటు వేసుకుని చేశారు.

ఇప్పుడు ఈఎస్‌జీ ఫండ్లు వచ్చాయి. పర్యావరణం, సమాజం, పాలన చూసి కొంటామంటారు. పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటికి 2022-23 నుంచి ఈ సంగతుల మీద ఏటా రిపోర్టు ఇవ్వడం షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ ఆ ఫండ్ల జాబితా తెరిచి చూడండి, ఎక్కువగా పెద్ద బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు కనబడతాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి పొగ గొట్టం ఉండదు కాబట్టి మంచిది. బ్యాంకుకూ పొగ గొట్టం ఉండదు, కానీ పొగ గొట్టం ఉన్నవాడికి అప్పిచ్చేది అదే కదా! షరియా సూచీలు ఇంకొంచెం గట్టిగా ఉంటాయి. మద్యం, పొగాకుతో పాటు మిత్తి మీద బతికే బ్యాంకులను కూడా తీసేస్తాయి. టాటా ఎథికల్ ఫండ్ ఆ పద్ధతిలో నడిచేదే. అందులో పెట్టాలంటే ముస్లిం కావాల్సిన పని లేదు. నేను ఏజెంట్‌ను కాదు, కొనమని చెప్పట్లేదు. షేర్లు షేర్లే, పడితే నీతి చూసి ఆగవు. అరవై దాటినవాళ్లు నెల ఖర్చుకు కావాల్సిన డబ్బును అటు పెట్టొద్దు.

నార్వే అనే దేశానికి పెద్ద పింఛను ఫండ్ ఉంది. ఒడిశాలో నియమగిరి కొండను తవ్వే గొడవ నడుస్తున్నప్పుడు, 2007లో, వాళ్లు వేదాంత కంపెనీని వద్దని తీసేశారు. ఆ కొండ మీది ఆదివాసులను, డోంగ్రియా కోంధులను ఎన్నడూ చూడని మనుషులు. మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ ఫండ్‌కు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? సముద్రంలో తీసిన చమురు నుంచి. ఎవరి చేతులూ పూర్తిగా కడిగినవి కావు. అందుకే నాకు ఆ కథ ఇష్టం.

మీరేం చేయొచ్చు అంటారా? సీపీఎస్‌లో ఉన్నవాళ్లు ఈ వారం ఒక గంట కూర్చోండి. పింఛను ఫండ్ల వెబ్‌సైట్లలో ఏ బాండ్లు, ఏ షేర్లు ఉన్నాయో జాబితా ఉంటుంది. మ్యూచువల్ ఫండ్లయితే నెల నెలా పెట్టాల్సిందే. మీ పిల్లలు ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తీస్తారు. మొదటి ఇరవై పేర్లు చదవండి, చాలు. ఫండ్ మేనేజర్‌ను, ఈక్విటీ వాటాను మార్చుకునే వీలు రాష్ట్ర ఉద్యోగికి ఎంతవరకు ఉందో ట్రెజరీలో అడగండి. సొంతంగా ఎన్‌పీఎస్ కట్టే ప్రైవేటు వాళ్లకైతే మొత్తం ప్రభుత్వ బాండ్లలోనే పెట్టుకునే వీలుంది. 2023 జనవరి నుంచి కేంద్రం గ్రీన్ బాండ్లు కూడా వేస్తోంది, ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిస్తే బ్రోకర్ లేకుండా కొనొచ్చు. యూనియన్ నాయకులు ఇక్కడే ఉన్నారు, వాళ్లకు ఒక మాట. డీఏ మీద, పాత పింఛను మీద మెమోరాండం ఇస్తున్నారు, ఇవ్వాలి. అందులో ఒక లైను చేర్చండి. మా జీతంలోంచి పోయే డబ్బుకు 1960లో ఉన్నట్టు ఒక గడి పెట్టండని.

ప్రశ్న ఉందా అక్కడ? లేచి అడగండి సార్. ... నీతి చూసుకుంటూ పోతే నష్టమే కదా అని అడుగుతున్నారు. నా లెక్క మీకు చూపిస్తా, మీరే చెప్పండి.

ఆ ఊరి నుంచి వచ్చాక మా ఇంట్లో వారం రోజులు గొడవ. మీ నీతికి నా గాజుల పైసలే దొరికాయా అంది మా ఆవిడ. ఆ రెండు లక్షల్లో ఆమె గాజులు అమ్మిన డబ్బు కూడా ఉంది మరి. ఆమె అన్నది కూడా న్యాయమే, అడగకుండా ఉదారంగా ఉండటానికి నాకేం హక్కు? చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. ఆయన మిత్తి కింద కట్టిన ఎనభై నాలుగు వేలు అసలు కింద జమ వేశా. మిగిలింది లక్షా పదహారు వేలు. మిత్తి లేదు, వీలున్నప్పుడు కట్టమన్నా. ఇప్పటికి డెబ్భై ఆరు వేలు వచ్చింది. ఇంకా నలభై వేలు రావాలి. సీనియర్ సిటిజన్ పథకంలో ఉంటే ఇప్పుడు 8.2 శాతం ఇస్తున్నారు, ఆ లెక్కన నాకు నష్టమే సార్, కాదనను.

ప్రోనోటుకు మూడేళ్లే గడువు, తిరగరాయించుకోకపోతే కోర్టులో చెల్లదు. మధ్యవర్తి ఫోన్ చేసి గుర్తు చేశాడు కూడా. నేను రాయించుకోలేదు. మొన్న దసరాకు ముందు ఆయనే వచ్చాడు. తోట తీసేసి పత్తి పెట్టాడట. ఐదు వేలు ఇచ్చి, కాగితం మీద సంతకం పెట్టాల్నా సార్ అని అడిగాడు. మా ఆవిడ లోపల్నించి, పెట్టించుకోండి అంది. నేను పెన్ను వెతుకుతూ చాలాసేపు నిలబడ్డా. ఈలోపు ఆయన చెప్పులేసుకున్నాడు, బస్సు టైమైందని.

టీ వచ్చినట్టుంది. రండి, తాగుతూ మాట్లాడుకుందాం.